ఎంవీపీ మేడమీద చింతపిక్కల ఓటు: ఒక అద్దె పుస్తకాల షాపు గురించి

ముందే ఒక మాట. షాపు పేరు రాయడం లేదు. మెచ్చుకోలుతో పాటు నాలుగు చీవాట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు లేకపోతేనే అందరికీ మంచిది. విశాఖ ఎంవీపీ కాలనీలో రైతుబజార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. కింద జిరాక్సు దుకాణం, మేడమీద అద్దె పుస్తకాలు. వారమంతా పుస్తకాలు అద్దెకిస్తారు. నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం సాయంత్రం అయిదింటికి మాత్రం బల్లలు పక్కకి జరిపి, కుర్చీలు గుండ్రంగా వేసి, "ఇప్పుడేం చదువుతున్నారు?" అని అడుగుతారు. టిక్కెట్టు లేదు, మైకు లేదు, శాలువా అసలే లేదు. ఆ ఒక్క కారణానికే ఇది మామూలు పుస్తక సభల కంటే ఒక మెట్టు పైన ఉంటుంది.

ఇక్కడ మొదటి రూలు, నా లెక్కలో మొత్తం వ్యవహారాన్ని నిలబెట్టే రూలు కూడా ఇదే: చదివేసిన పుస్తకం గురించి మాట్లాడకూడదు. చదువుతున్నదే చెప్పాలి. పుస్తకం చేతిలో ఉండాలి. నోరు తెరవగానే పేజీ నంబరు చెప్పాలి, "రెండొందల పధ్నాలుగులో తొంభై" అని. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ దీని వెనక లెక్క ఉంది. పుస్తకం పూర్తి చేసినవాడు తీర్పుతో వస్తాడు. ఆ తీర్పుని ఒప్పుకోవాలి, లేదా కొట్టిపారేయాలి, అంతకు మించి చేసేదేం లేదు. సగంలో ఉన్నవాడు సందేహంతో వస్తాడు. "ఈ పాత్ర ఇలా ఎందుకు చేసిందో నాకు ఎక్కడం లేదు" అంటాడు. దానికి పక్కవాడు జవాబు చెప్పబోయి తనూ ఇరుక్కుంటాడు. పైగా పేజీ నంబరు చెప్పమనేసరికి "మొదలుపెడదామనుకుంటున్నా" బాపతు జనం వాళ్లంతట వాళ్లే వినేవాళ్లలో కలిసిపోతారు.

మనిషికి మూడు నిమిషాలు. పుస్తకం, రచయిత, దీన్నే ఎందుకు పట్టుకున్నారు, ఎక్కడ ఆగారు, తర్వాత ఏదైనా ఒక పేరా పైకి చదవాలి, ఎనిమిది లైన్లు దాటకుండా. కథ చెప్పకూడదు. టైము అయిపోతే నిర్వాహకురాలు స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక్క దెబ్బ కొడుతుంది. రెండో దెబ్బ పడేదాకా ఆగనివాడు ఆ రోజంతా కుర్రకారు నోట్లో నానాల్సిందే. పన్నెండు మంది వస్తే ఈ చుట్టు ముప్ఫయ్యారు నిమిషాల్లో తేలిపోతుంది, చర్చకి గంటకు పైనే మిగులుతుంది. ఇరవై మంది వస్తే గంటంతా దీనికే సరి. వాళ్ల దగ్గర కుర్చీలు ఇరవై రెండు ఉన్నాయని ఇరవై రెండు మందినీ మాట్లాడిస్తారు చూడండి, అదే తప్పు. పద్నాలుగు దాటినప్పుడు రెండు నిమిషాలకి కుదించమని ఎంత చెప్పినా వినరు. వేసవి సెలవుల్లో, పిల్లలతో సహా వచ్చే ఆదివారాల్లో, చర్చ మొదలయ్యేసరికి ఆరున్నర అవుతుంది, ఏడింటికి షట్టర్ దించేస్తారు.

చర్చకి ఏ పుస్తకం? దీనికి చింతపిక్కలు. లోపలికి రాగానే చేతిలో రెండు పిక్కలు పెడతారు. చుట్టు పూర్తయ్యాక పుస్తకాలన్నీ మధ్య బల్ల మీద అట్ట పైకి పెట్టి పరుస్తారు. ఎవరికి ఏది వినాలనుంటే దాని మీద పిక్కలు పెట్టాలి. సొంత పుస్తకం మీద పెట్టకూడదు. రెండూ ఒకదానికే పెట్టొచ్చు. ఎక్కువ పిక్కలు పడిన పుస్తకం మీద నలభై నిమిషాలు మాట. చేతులెత్తించడం కంటే ఇది నయం, ఎందుకంటే పిక్క చడీచప్పుడు లేకుండా పడుతుంది, పక్కింటి మాస్టారు మొహం చూసి ఓటు వేయక్కర్లేదు. లోపం కూడా ఇందులోనే ఉంది. జట్టుగా వచ్చిన నలుగురిలో ముగ్గురు కూడబలుక్కుని నాలుగోవాడి పుస్తకం మీద పెడితే ఆరు పిక్కలు. అంతే, ఆ రోజుకి అదే పుస్తకం. కవిత్వానికైతే ఎప్పుడూ మొండిచెయ్యే. మూడు నిమిషాల్లో డిటెక్టివ్ నవల ఊరించినట్టు కవిత ఊరించదు మరి. మూడు నెలలకొక ఆదివారం కవిత్వానికే వదిలేస్తే సరిపోతుంది. ఆ మాట వాళ్ల చెవిన వేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

చర్చలో ఉన్న రూలు రెండే మాటలు: "ఏ పేజీ?" ఎవరేం అన్నా ఈ ప్రశ్న వస్తుంది. "ఈయన ఆడవాళ్ల పాత్రలు ఎప్పుడూ ఇంతే" అంటే ఏ పేజీ. "భాష అర్థం కాదు" అంటే ఏ పేజీ. పేజీ తీసి చదవగానే సగం గొడవలు అక్కడికక్కడే తీరతాయి, మిగిలిన సగం అసలైన గొడవలుగా మారతాయి. రావిశాస్త్రి గారి పుస్తకం బల్లెక్కిన రోజు వెళ్లి చూడండి, ఈ రూలు విలువ తెలుస్తుంది. ఆయన ఈ ఊళ్లోనే ప్లీడరీ చేసిన మనిషి, మద్యనిషేధం, పోలీసులు, కోర్టులు చుట్టూ "ఆరు సారా కథలు" రాసిన మనిషి. ఉపమానం మీద ఉపమానం పేరుస్తాడని, వాక్యం తిప్పి తిప్పి అదే చెప్తాడని చాలామంది ఫిర్యాదు. కళ్లతో చదివితే అది నిజమే. అదే పేరా పైకి చదివించండి. చెప్పిన మాటే మళ్లీ చెప్తూ, ప్రతిసారీ ఒక చిన్న ముల్లు అదనంగా గుచ్చుతూ, జడ్జి ముందు వాదన నడిచినట్టు నడుస్తుంది. ఉత్తరాంధ్ర మాట తెలిసిన గొంతు చదివితే మరీను. గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న కుర్రాళ్లకి ఆ యాస చెవిన పడ్డాకే పుస్తకం తెరుచుకుంటుంది. ఎనిమిది లైన్లు పైకి చదవాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు.

చర్చ ఎక్కడ పట్టాలు తప్పుతుందో కూడా చెప్పాలి. పుస్తకం చదవనివాడికి మాట్లాడాలనుంటే అతని దగ్గర ఉండేది రచయిత ఒక్కడే. రచయిత పార్టీ, రచయిత కులం, ఏనాటి సభలోనో ఆయన అన్న మాట. ఈ ఊళ్లో దానికి సరుకూ తక్కువేం కాదు. 1970 ఫిబ్రవరిలో ఇక్కడే జరిగిన శ్రీశ్రీ షష్టిపూర్తి, ఆ ఏడాది జూలైలో పుట్టిన విరసం (విప్లవ రచయితల సంఘం), అక్కణ్ణుంచి ఎవరు ఎటు చీలారు అనే లెక్క ఒక్కసారి మొదలైతే నలభై నిమిషాలూ హారతి కర్పూరమే. వినడానికి బాగానే ఉంటుంది, కాదనను, కానీ బల్ల మీది పుస్తకం అలాగే మూసుకుని ఉంటుంది. చదవనివాళ్లు ప్రశ్నలే అడగాలి, అభిప్రాయం చెప్పకూడదు అని ఒక గీత గీస్తే చాలు. గీసిన ఆదివారాలు బాగుంటాయి. నిర్వాహకురాలు లేని ఆదివారాలు గీత ఉండదు.

ముగింపు చెప్పేసే జబ్బు ఇంకోటి. కాళీపట్నం రామారావు గారి "యజ్ఞం" గురించి ఏ నలుగురు తెలుగు పాఠకులు కూర్చున్నా చివరి దృశ్యం దగ్గరికే వెళ్తారు. అది న్యాయమా, అన్యాయమా, రచయిత తీర్పా, పాత్ర తెగింపా అని. వాదన మంచిదే. కానీ కథ సగంలో ఉన్న పిల్ల ఎదురుగా కూర్చుని ఉండగా ముగింపు చెప్పేసి, "అరవైల నాటి కథమ్మా, దీనికి దాపరికం ఏంటి" అంటే ఎలా? కథ అరవయ్యేళ్ల నాటిదైనా ఆ పిల్లకి అది ఈ వారం నాటిదే కదా. పేజీ నంబరు ముందే చెప్పిస్తున్నారు కాబట్టి అందరికంటే వెనకున్న పేజీ దగ్గర గీత గీసి, అది దాటి చెప్పాల్సింది చివరి పది నిమిషాలకి ఉంచి, వినకూడదనుకునేవాళ్లని టీకి పంపొచ్చు. పని సులువు, ఎవరూ చెయ్యరు.

ఇక అద్దె. ఇక్కడ మార్కులు పడిపోతాయి. చర్చకి అయిదులో నాలుగున్నర ఇస్తే అద్దెకి రెండున్నర. రేటు న్యాయంగానే ఉంది: డిపాజిట్ మూడొందలు, మానేసినప్పుడు తిరిగిస్తారు. పదిహేను రోజులకి అట్ట మీది ధరలో పదో వంతు, అంటే రెండొందల యాభై రూపాయల పుస్తకానికి ఇరవై అయిదు. ఆలస్యానికి రోజుకి రెండు రూపాయలు. గొడవ రిజిస్టరుతో. గీతల నోటుబుక్కులో సభ్యుడి పేరున పేజీ తీసి, వాళ్లు తీసుకెళ్లిన పుస్తకాలు కింద రాస్తారు. ఫలానా పుస్తకం ఎవరి దగ్గరుంది అంటే నోటుబుక్కంతా తిరగెయ్యాలి. పాత గ్రంథాలయాల్లోలా పుస్తకం వెనక అట్ట లోపల కాగితం జేబు, అందులో ఒక కార్డు పెట్టి, పుస్తకం బయటికెళ్లినప్పుడు తీసుకెళ్లినవాళ్ల పేరు రాసి ఆ కార్డు డబ్బాలో ఉంచుకుంటే అర నిమిషం పని.

అద్దె పద్ధతిలో లోపం చర్చ జరిగిన మర్నాడు పూర్తిగా బయటపడుతుంది. బల్లెక్కిన పుస్తకం అయిదుగురికి కావాలి, ఉన్నది ఒక్క ప్రతే. పదిహేను రోజుల చొప్పున అయిదుగురు అంటే చివరివాడి వంతు పూర్తయ్యేసరికి డెబ్బయ్యయిదు రోజులు. అప్పటికి ఎవడేం అన్నాడో ఎవరికి గుర్తుంటుంది? చర్చకొచ్చిన పుస్తకానికి మాత్రం వారం గడువు పెడితే ముప్ఫయ్యయిదు రోజుల్లో చుట్టు తిరిగిపోతుంది. ఈలోపు ఆగలేనివాళ్లు ద్వారకానగర్ విశాఖ పౌర గ్రంథాలయంలో వెతుక్కోవడం మేలు.

ఆగలేనివాళ్లు ఇంకో పని కూడా చేస్తారు. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడుతుంది. ఈ విషయంలో షాపు వాళ్లు గట్టిగా ఉన్నారు, పడిన వెంటనే తీసేస్తారు, మెచ్చుకోవాలి. తెలుగు పుస్తకం అచ్చయ్యేదే అయిదొందలో వెయ్యో ప్రతులు, అందులో కొనే చేతులు ఇలాంటి గదుల్లోనే ఉంటాయి. చట్టం సంగతి తెలియక పంపేవాళ్ల కోసం: మన దేశంలో కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవయ్యేళ్లు. గురజాడ 1915లో పోయారు, ఆయన రాసినవి ఎప్పుడో అందరివీ అయిపోయాయి. రావిశాస్త్రి 1993లో పోయారు, ఆయనవి 2053 చివరి దాకా కాపీరైటులోనే. చట్టం పక్కన పెట్టినా స్కాను చేసిన పాత పుస్తకం ఆరంగుళాల తెర మీద చీమల బారులా ఉంటుంది. చదవక తప్పకపోతే పరికరం అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున చదవండి, కళ్లు బతుకుతాయి.

పుస్తకాల స్థితి: సముద్రపు ఊరికి తగ్గట్టే ఉంది. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి, తుప్పు చుట్టూ కాగితం గోధుమరంగు తిరిగి పెళుసెక్కి, పేజీ తిప్పితే అక్కడే చిరుగుతుంది. ఇక్కడ పాత పుస్తకాలకి పిన్నులు పీకేసి నూలు దారంతో కుట్టారు. ఈ పని ఊళ్లో ఎవరూ చేయగా చూడలేదు, దీనికి ఇంకో అర మార్కు. బీరువాలు గోడకి జానెడు ఎడంగా ఉన్నాయి, అదీ సరైనదే, గోడకి ఆనిస్తే వానాకాలంలో చెమ్మ అట్టల్లోకి దిగి బూజు పడుతుంది. కింది అర మాత్రం నేలకి మరీ దగ్గర. 2014 అక్టోబరు 12 నాటి తుపాను హుద్‌హుద్‌లో తడిసి అలల్లా వంకర్లు పోయిన పుస్తకాలు కొన్ని ఇప్పటికీ ఆ అరలోనే ఉన్నాయి. ఎండలో పెట్టి ఆరబెట్టినట్టున్నారు. తడిసిన పుస్తకాన్ని నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, ఇరవై పేజీలకొక తెల్ల కాగితం దూర్చి, కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. ఇంచుమించు ఆరాక బరువు పెట్టాలి. ఎండకి పెడితే అట్ట ముందు ఎండి ముడుచుకుని లోపలి పేజీల్ని తనతో లాగేస్తుంది.

అద్దెకి తీసుకునేముందు కౌంటరు దగ్గరే ఒక పరీక్ష చెయ్యండి. తెలుగు పుస్తకాలు ఎక్కువగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. బైండింగులో ఒక ఫారం ఎగిరిపోవడం, లేదా ఒకటే రెండుసార్లు రావడం మామూలు. 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 ఉన్నాయో లేదో అలా తిరగేస్తూ పోతే నిమిషంలో తేలిపోతుంది. ముందుమాట పేజీలకి వేరే అంకెలుంటే లెక్క కొంచెం జరుగుతుంది, అయినా అంకె తెగిన చోటు కళ్లకి తగులుతుంది. ఇంటికెళ్లి 96 తర్వాత 113 చూసి తిరిగొస్తే, చింపింది మీరేనా అన్నట్టు చూస్తారు.

వెళ్లేవాళ్లకి: మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. బండి పెట్టుకోవచ్చు, కారుకి చోటు లేదు. ఫ్యాను చప్పుడుకి దూరంగా కూర్చున్నవాళ్లకి ఏమీ వినపడదు, కిటికీ పక్క కుర్చీ పట్టాలంటే పావు తక్కువ అయిదుకల్లా చేరాలి. సొంత పుస్తకం మీద పేరు పెన్సిల్‌తో రాసుకుని వెళ్లండి, బల్ల మీద కలిసిపోతాయి. మధ్యలో టీతో పాటు కింద బండి మీంచి మురీ మిక్చరు తెప్పిస్తారు. రుచికి ఢోకా లేదు గానీ ఆ నూనె వేళ్లతోనే అందరూ పుస్తకాలు తిరగేస్తారు. అద్దె ప్రతుల్లో సరిగ్గా చర్చ జరిగిన పేజీల మూలలే పారదర్శకంగా ఉండటం గమనించండి. కిందే తినేసి ఎక్కండి. మెట్ల మొదట్లో కుళాయి ఉంది, తుడుచుకోవడానికి గుడ్డ మాత్రం మీరే తెచ్చుకోవాలి.