రెన్యువల్‌కి 4,956 రూపాయలు ఎక్కువ అడిగిన కార్ ఇన్సూరెన్స్ కంపెనీ

రేటింగ్: ఐదుకి రెండు. ఆ రెండూ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికే. కాల్ సెంటర్‌కి సున్నా.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. కారు 2021 నవంబరులో కొన్నది, 1197 సీసీ పెట్రోల్. పోయినేడు ఇన్సూరెన్స్‌కి 10,521 కట్టాను. ఈసారి 15,477 కట్టమని వాట్సాప్‌లో లింకు వచ్చింది. బండి ఏడాది పాతబడింది, ఐడీవీ (బండికి కంపెనీ కట్టే విలువ) తగ్గించారు, నేను ఒక్క రూపాయి క్లెయిమ్ తీసుకోలేదు. మరి పెరగడమేంటి? హెల్త్ పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు కదా, కారుది కూడా తగ్గాలిగా అంది మా ఆవిడ. కారుకి ఆ 18 శాతం ఎక్కడికీ పోలేదు. పోయినేడూ అంతే, ఈ ఏడూ అంతే కాబట్టి తేడా అక్కడ లేదు.

కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒకమ్మాయి "గవర్నమెంట్ థర్డ్ పార్టీ రేట్లు పెంచింది సార్" అని చదివి వినిపించినట్టు చెప్పింది. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది. రెండేళ్ల కాగితాలూ నా ముందే ఉన్నాయి. వెయ్యి దాటి 1500 సీసీ లోపు ప్రైవేటు కారుకి థర్డ్ పార్టీ 3,416. 2022 జూన్ నుంచి అదే రేటు, రెండు కాగితాల్లోనూ అదే అంకె. ఆ మాటే అంటే "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది సార్" అంది. మిల్లుకొచ్చే లారీ డ్రైవర్లు కూడా ఇంతకంటే మంచి సాకులు చెప్తారు.

వాళ్లు వాట్సాప్‌లో పంపేది మొత్తం ఒక్కటే. ప్రీమియం బ్రేకప్ కావాలని మెయిల్ పెడితే అసలు సంగతి బయటపడింది. నేను అడగని యాడ్ ఆన్లు, అంటే అదనపు కవర్లు, ఇంజిన్ ప్రొటెక్ట్ 700, కన్స్యూమబుల్స్ 450 అందులో ఉన్నాయి. ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్‌కి 350 వేశారు. నా పేరు మీద 15 లక్షల కవర్ ఇప్పటికే విడిగా ఉంది, అది ఉంటే ప్రతి బండికీ మళ్లీ తీసుకోనక్కర్లేదు. పోయినేడు ఆ కాగితం చూపించే తీయించాను, ఈసారి మళ్లీ తగిలించారు.

పెద్ద దెబ్బ మాత్రం నో క్లెయిమ్ బోనస్ దగ్గర, అంటే క్లెయిమ్ తీసుకోనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. పోయినేడు 35 శాతం ఉంది, ఈసారి 45 రావాలి. సున్నా వేశారు. ఓన్ డ్యామేజ్ (మన బండికే అయ్యే నష్టం) ప్రీమియం 6,300 మీద 45 శాతం అంటే 2,835, పైన జీఎస్టీ.

సున్నా ఎందుకంటే, వేసవిలో మిల్లు వేబ్రిడ్జి దగ్గర ఒక లారీ రివర్స్ చేస్తూ నా బంపర్‌ని గీకేసింది. గ్యారేజీ వాళ్లు 3,200 ఎస్టిమేట్ వేసి, వాళ్లే క్లెయిమ్ ఇంటిమేషన్ ఇచ్చేశారు. నేను అక్కడే కూర్చుని లెక్కేశాను. తప్పనిసరి డిడక్టిబుల్, అంటే మనమే భరించాల్సిన భాగం, వెయ్యి పోతే చేతికొచ్చేది 2,200. దానికోసం బోనస్ మొత్తం పోగొట్టుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. వద్దని క్లెయిమ్ వెనక్కి తీసుకుని బిల్లు నేనే కట్టాను. విత్‌డ్రా అయినట్టు కంపెనీ నుంచి మెయిల్ కూడా వచ్చింది. కానీ వాళ్ల రికార్డులో ఇంటిమేషన్ మిగిలింది, విత్‌డ్రాయల్ ఎక్కలేదు. పైసా ఇవ్వని క్లెయిమ్‌కి బోనస్ ఎలా కోస్తారు?

ఈ లోపు రోజూ మెసేజ్‌లు, గడువు దాటితే బోనస్ మొత్తం పోతుందని. ఇదీ అబద్ధమే. గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేస్తే బోనస్ నిలుస్తుంది. అయితే ఆ మధ్యలో బండి తీయకూడదు, ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారే 2,000 ఫైన్. యాక్సిడెంట్ అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే గడువుకి బాగా ముందే మొదలుపెట్టాను.

గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసిన మెయిల్ పొడుగ్గా లేదు. పాత పాలసీ, విత్‌డ్రాయల్ మెయిల్, నేను కట్టిన గ్యారేజీ బిల్లు జత చేశాను. ఏ వరుసలో ఎంత ఉండాలో, వాళ్లు ఎంత వేశారో పక్కపక్కన టేబుల్‌గా పెట్టాను. బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు కింద రాశాను. నెలలో తేలకపోతే బీమా తగాదాలు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానన్నాను. అక్కడ ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు, రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే ఆఫీసు.

అంతదాకా పోనవసరం రాలేదు. గ్రీవెన్స్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, నేను చెప్పింది పూర్తిగా విని, క్లెయిమ్ స్టేటస్ సరిచేయించాడు. సారీ కూడా చెప్పాడు, అది కాల్ సెంటర్ నోట ఒక్కసారీ రాలేదు. కొత్త కొటేషన్ 10,362, పోయినేటి కంటే తక్కువే. ఇక్కడి క్యాష్‌లెస్ గ్యారేజీ మంచిదని వాళ్ల దగ్గరే రెన్యువల్ చేశాను. వచ్చే ఏడు మాత్రం ఇంకో రెండు కంపెనీల రేట్లు కనుక్కున్నాకే కడతాను.

ఒక్కటి మాత్రం తెగలేదు. జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే యాడ్ ఆన్) 1,600 నుంచి 1,900 అయింది. ఓన్ డ్యామేజ్, యాడ్ ఆన్ల రేటు కంపెనీ ఇష్టం, అది నాకూ తెలుసు. కారణం రాసి పంపండి అంటే "బండి వయసు సార్" అన్నారు. ఏ వయసుకి ఎంతో ఆ పట్టిక పంపమని మళ్లీ మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.