పర్సనల్ ట్రైనర్ దగ్గర కొద్ది రోజులే చేరదామనుకుంటున్నవారికి ఒక హెచ్చరిక

కొన్ని వారాల పాటు పర్సనల్ ట్రైనర్‌ను పెట్టుకుని, వ్యాయామం చేసే పద్ధతి సరిగా నేర్చుకుని, ఆపైన సొంతంగా కొనసాగిద్దామని ఆలోచిస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. సరిగ్గా ఆ ఉద్దేశంతోనే నేను 12 సెషన్ల ప్యాకేజీకి మొత్తం డబ్బు ముందుగానే కట్టాను. ఆరు వారాలు గడిచాక నాకు నడుము నొప్పి మిగిలింది గానీ, ఒక్కదాన్నే జిమ్‌లోకి వెళ్లి ఏ వ్యాయామం ఎంత బరువుతో, ఎన్నిసార్లు చేయాలో తేల్చుకోగలిగే తెలివిడి మాత్రం రాలేదు.

మొదటి రోజు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. గుండె జబ్బు గానీ రక్తపోటు గానీ ఉందా, ఏవైనా మందులు వాడుతున్నారా, శ్రమ పడినప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, పాత దెబ్బలు ఉన్నాయా అని ముందే అడిగి రాసుకోవడం ఈ వృత్తిలో మొదటి మెట్టు. అందుకోసం పార్-క్యూ అనే ప్రశ్నపత్రం ఎంతో కాలంగా వాడుకలో ఉంది. కొన్నేళ్ల క్రితం నాకు నడుము పట్టేసి వారం రోజులు మంచం దిగలేకపోయిన సంగతి అలా అడిగి ఉంటే ఆ రోజే బయటపడేది. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. అది నా పొరపాటే.

ఆ రోజు చేయించిన స్క్వాట్లు (కూర్చుని లేవడం), లంజ్‌లకు (ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచడం) మూడు రోజుల పాటు కుర్చీలో కూర్చోవాలన్నా రెండు చేతులూ ఆనించి దిగవలసి వచ్చింది. 'నొప్పి వచ్చిందంటే పని జరిగినట్టే' అని ట్రైనర్ చెబితే నమ్మాను. నిజానికి అలవాటు లేని పని చేసినప్పుడు 24 నుంచి 72 గంటల మధ్య కండరాలు బాగా నొప్పెట్టడం మామూలే. ఎంత నొప్పి పుడితే అంత లాభం అనడానికి ఆధారం లేదు. పైగా కొత్తవారి చేత మొదటి రోజే ఒళ్లు హూనమయ్యేలా చేయిస్తే, అరుదుగానైనా, కండరాలు దెబ్బతిని వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు ముప్పు తెచ్చే ప్రమాదం ఉంది. నొప్పి భరించలేనంతగా ఉన్నా, కండరాలు వాచినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు దెబ్బ ఆరో సెషన్‌లో తగిలింది. డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బరువుల కడ్డీని, అంటే బార్‌ను, నిలబడుతూ పైకెత్తడం. అందులో బార్ కాళ్లకు ఆనుకున్నట్టుగా పైకి రావాలి. నాకు అది జానెడు ముందుకు జరిగిపోతోంది, వీపు విల్లులా వంగుతోంది. ట్రైనర్ చూపు ఫోను మీద ఉంది, నోరు మాత్రం 'ఇంకో రెండు, ఇంకో రెండు' అని లెక్క పెడుతోంది. ఆ రెండింటిలో మొదటిదానికే నడుము కింది భాగంలో ఏదో పట్టేసినట్టయి బార్ వదిలేశాను. మీకు కూడా ఎన్నిసార్లు చేశారో లెక్కపెట్టే మనిషి తప్ప, కదలికను చూసే మనిషి దొరకలేదంటే, అక్కడ మీరు కొంటున్నది శిక్షణ కాదు.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. నాకు ముందు గంటలో వచ్చే పెద్దాయన చేత, నా చేత, నా తర్వాత వచ్చే కుర్రాడి చేత ఒకే వరుసలో అవే వ్యాయామాలు చేయిస్తున్నారు. కిందటి వారం నేనెంత బరువు ఎత్తానని అడిగితే ట్రైనర్ దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఎక్కడా రాయలేదు. బలం పెరగాలంటే శరీరం మీద పడే భారం కొద్దికొద్దిగా పెరుగుతూ పోవాలి. కిందటిసారి చేసింది రాసి ఉండకపోతే ఈసారి ఎంత పెంచాలో ఎలా తెలుస్తుంది? ప్రోటీన్ పొడి కొనమని మాత్రం ప్రతిసారీ గుర్తుపెట్టుకుని మరీ చెప్పేవారు. నడుము నొప్పితో రెండు వారాలు మానేస్తే, గడువు దాటిందని చివరి మూడు సెషన్లు రద్దు చేశారు. ఆ నిబంధన రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది.

ఇంత జరిగాక కూడా, కొద్ది రోజుల శిక్షణ దండగ అని నేను అనను. నడుము నొప్పి తగ్గి, ఫిజియోథెరపిస్ట్ సరే అన్నాక మరొక ట్రైనర్ దగ్గర నాలుగే సెషన్లు తీసుకున్నాను. ఆవిడ మొదటి రోజు నా చేతికి బార్ ఇవ్వనే లేదు. ఒక కర్రను నా వెన్ను వెంబడి నిలువుగా పెట్టి, తల వెనక భాగం, భుజాల మధ్య భాగం, నడుము చివరి ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూనే ఉండాలని, వంగేది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గరని చెప్పి, కర్ర ఊడినప్పుడల్లా ఆపించారు. ఆ పావుగంటలో నేర్చుకున్నది అంతకు ముందు ఆరు వారాల్లో నేర్చుకోలేదు.

కాబట్టి కొద్ది సెషన్లతో ఏది వస్తుందో, ఏది రాదో ముందే తెలుసుకుని బేరం చేయండి. తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు, కండరాలు కలిసి పనిచేయడం నేర్చుకున్నందువల్ల వచ్చేదే. కండ కంటికి కనిపించేంతగా పెరగడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. 12 సెషన్లలో ఒళ్లు మార్చేస్తామని చెప్పేవారి దగ్గర డబ్బు కట్టకండి. అదే కూర్చుని లేవడం, తుంటి దగ్గర వంగడం, నెట్టడం, లాగడం అనే నాలుగు కదలికలు తప్పు లేకుండా చేయడం, ఇంకో రెండు మూడుసార్లు చేయగలననిపించే దగ్గర సెట్ (ఆగకుండా వరుసగా చేసే ఒక విడత) ఆపడం, ఎప్పుడు బరువు పెంచాలో గుర్తించడం మాత్రం ఆ కాస్త వ్యవధిలో తప్పక వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయమంటాయి. ఆ రెండు రోజులూ ఎవరి సాయమూ లేకుండా గడపగలిగితే కట్టిన డబ్బుకు ఫలితం దక్కినట్టే.

చాలా దేశాల్లో పర్సనల్ ట్రైనర్ అని చెప్పుకోవడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. ట్రైనర్లకు పరీక్ష పెట్టే ఏసీఎస్ఎం, ఎన్ఎస్‌సీఏ, ఏసీఈ వంటి అమెరికా సంస్థల సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కానీ అది కూడా ఎదుటి మనిషి శ్రద్ధకు హామీ కాదు. అందుకే డబ్బు కట్టే ముందు ఒక అరగంట పక్కన నిలబడి, ఆ ట్రైనర్ వేరొకరికి నేర్పుతుండగా చూపు ఎక్కడ ఉందో చూడండి. చివరి సెషన్ అయ్యేసరికి నేను ఒంటరిగా ఏమేం చేయగలనని సూటిగా అడగండి. మొదట రెండు మూడు సెషన్లకే కట్టండి. గడువు, వాపసు, ట్రైనర్ మారితే ఏమిటన్నవి కాగితం మీద రాయించుకోండి.

ఇప్పటికే మొత్తం కట్టేసి మధ్యలో ఉన్నవారు రేపటి సెషన్‌కు ఒక నోటుపుస్తకం తీసుకెళ్లి, 'ఈరోజు నుంచి నేనే చేస్తాను, మీరు తప్పులు చెప్పండి, నేను రాసుకుంటాను' అని ట్రైనర్‌తో అనండి. ఒప్పుకోకపోతే మిగిలిన సెషన్లకు మరొకరిని ఇవ్వమని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి, గడువు ఇంకా ఉండగానే.