33 అంగుళాల టైర్లు, 2 అంగుళాల లిఫ్ట్, 4.10 గేర్లు: చాలాకాలం నడిపాక

పికప్ ట్రక్కును ఎత్తు చేయించాలనుకునేవారు అన్నిటికంటే ముందు అడిగేది "ఎన్ని అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ మార్చి బండిని ఎత్తు చేయడం) వేయించాలి?" అని. నన్నడిగితే అది ఆఖరున తేల్చుకోవలసిన సంగతి. మొదట టైరు కొలత, దానితోపాటే డిఫరెన్షియల్ గేర్లు, అంటే యాక్సిల్ మధ్యలో ఉండి ఇంజిను శక్తిని చక్రాలకు మళ్లించేవి. ఆ టైరు ఎక్కడా రాసుకోకుండా తిరగడానికి ఎంత ఎత్తు కావాలో అంతే లిఫ్ట్. నా బండికి ఈ లెక్కతోనే పని చేయించాను. పెద్ద టైర్లు ఒక సెట్టు అరిగిపోయి, రెండో సెట్టు సగానికి వచ్చింది. ఏది నిలిచిందో, ఏది విసిగించిందో చెప్పడానికి ఈ వాడకం చాలు.

బండి పెట్రోలుది, ఆరు గేర్ల ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాన్ కట్టలు. బండితో వచ్చిన టైర్లు 265/70 ఆర్17, అంటే దాదాపు 31.6 అంగుళాల ఎత్తు. ఇప్పుడున్నవి 285/70 ఆర్17. వాడుకలో 33 అంటారు గానీ లెక్క కడితే 32.7 వస్తుంది. డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క, 3.73 ఉండేది, 4.10 చేయించాను.

లిఫ్ట్ గురించి ఒక మాట ముందే చెప్పాలి. వెనక యాక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండును లిఫ్ట్ అంగుళం కూడా పైకి లేపదు. లేచేది ఛాసిస్, బాడీ. యాక్సిల్‌ను లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం. నా బండికి కలిసొచ్చింది అర అంగుళం పైచిలుకు. రాళ్ల దారిలో దీనితో పెద్ద తేడా లేదు. బంపర్ మూలలు, అడుగున ఉన్న పైపులు గట్లకు తగలడం మాత్రం బాగా తగ్గింది. అది లిఫ్ట్ చలవే.

ముందువైపు స్ప్రింగు పైన దిమ్మ పెట్టి ఎత్తు తెచ్చే చౌక పద్ధతి ఒకటుంది. దాని జోలికి పోలేదు. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన దిమ్మ పెడితే చక్రం ఇంకా కిందికి జారుతుంది, ఆ భారమంతా చక్రాన్ని ఆర్మ్‌లకు కలిపే బాల్ జాయింట్ల మీద పడుతుంది. కొత్త స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, వాటితోపాటు కొత్త అప్పర్ ఆర్మ్‌లు వేయించాను. ఆర్మ్‌లు అనవసర ఖర్చు అనేవారున్నారు. ఎత్తు పెరిగితే క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, స్టీరింగును నేరుగా నిలిపేది) తగ్గుతుంది, వేగంలో స్టీరింగు నిలకడ పోతుంది. పాత ఆర్మ్‌లతో అలైన్‌మెంట్‌లో దాన్ని పూర్తిగా రాబట్టడం చాలా బండ్లకు కుదరదు. వెనక దిమ్మలకు బదులు పూర్తి కమాన్ కట్టలే మార్పించాను. బరువు వేస్తే బండి కుదురుగా ఉంటుంది. ఖాళీగా వెళ్తే మాత్రం చిన్న గుంతకే వెనక భాగం ఎగిరిపడుతుంది, ఇన్నాళ్లయినా అది తగ్గలేదు.

రాపిడి సమస్య నేరుగా వెళ్తున్నప్పుడు తెలియదు. స్టీరింగు చివరిదాకా తిప్పి రివర్స్ చేసినప్పుడు చక్రం వెనకున్న ప్లాస్టిక్ కవచం మీద బర్రుమని చప్పుడు వచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే అరచేతి వెడల్పున నున్నగా నల్లటి మచ్చ. మడ్‌ఫ్లాప్ తీసేసి, ప్లాస్టిక్‌ను వేడిగాలితో మెత్తబరిచి లోపలికి నొక్కితే సరిపోయింది. రిమ్ములు పాతవే కావడం మేలయింది. చక్రాన్ని బయటికి నెట్టే రిమ్ము వేసి ఉంటే లోహం కోయవలసి వచ్చేది.

ఇక గేర్లు. టైర్లు మార్చాక కావాలనే కొంతకాలం పాత 3.73తోనే నడిపాను, తేడా ఎంతో చూద్దామని. టాప్ గేరులో 100 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 1700 చుట్ల దగ్గర తిరిగే ఇంజిను 1640కి దిగింది. కాగితం మీద మూడున్నర శాతమే. కానీ నేను వేయించిన దృఢమైన రకం టైరు ఒక్కొక్కటి పాతదానికంటే ఆరేడు కిలోలు ఎక్కువ, ఆ బరువంతా తిరిగే బరువు. చిన్న ఎత్తు రాగానే గేర్‌బాక్సు ఆరు నుంచి అయిదుకు, మళ్లీ ఆరుకు, వెంటనే అయిదుకు మారుతూ ఊగిసలాడేది. ట్రైలరు తగిలిస్తే ఆరో గేరు ఉన్నా లేనట్టే.

4.10 వేయించాక అదే వేగానికి 1800 చూపిస్తోంది, గేర్‌బాక్సు ఆరులో కుదురుకుంది. పెట్టిన ఖర్చులో బండి నడకను నిజంగా మార్చింది ఇదొక్కటే. చూసేవారికి కనపడదు కాబట్టి చాలామంది వదిలేసేదీ ఇదే!

ఫోర్ వీల్ డ్రైవ్‌కు ముందు, వెనక రెండు డిఫరెన్షియల్స్‌లోనూ ఒకే నిష్పత్తి ఉండాలి, కాబట్టి పని రెండింతలు. క్రౌన్-పినియన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) అమర్చడం అందరి వల్లా అయ్యే పని కాదు. మా మెకానిక్ క్రౌన్ పళ్లకు పసుపు పేస్టు పూసి తిప్పి చూపించాడు. పినియన్ తాకినచోట పేస్టు చెదిరి, పన్ను నడిమధ్య కోలగా అచ్చు పడింది. "అచ్చు అంచుకు పోతే కొన్నాళ్లకే కూత మొదలవుతుందండీ" అన్నాడు. పళ్ల మధ్య వదులును 0.2 మిల్లీమీటర్ల దగ్గర నిలపడానికి షిమ్ములు (పలచటి రేకు బిళ్లలు) మార్చి మార్చి వేశాడు. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగకుండా నడిపి ఆయిల్ మార్పించాను. పాత ఆయిల్ బూడిద రంగులో, డ్రెయిన్ అయస్కాంతం మీద మెత్తటి ముద్దతో వచ్చింది. అది మామూలే, పెచ్చులు కనపడితేనే భయపడాలి.

మైలేజీ తగ్గింది. అయితే కంప్యూటర్‌లో టైరు కొలత సరిచేయకుండా మైలేజీ లెక్క కడితే అసలుకంటే ఘోరంగా కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు తిరిగిన దూరాన్ని తక్కువ చూపుతుంది. వేగమూ అంతే, ముల్లు 100 దగ్గరుంటే బండి 103 దాటి ఉంటుంది. బ్రేకు పెడల్ మునుపటికంటే గట్టిగా తొక్కాలి. హెడ్‌లైట్లు కిందికి దించకపోతే ఎదుటివారి కళ్లలో పడతాయి. ముందువైపు డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు ఒకటి చీలి గ్రీజు రిమ్ము లోపలంతా చిమ్మింది. లిఫ్ట్‌తో షాఫ్ట్ కోణం పెరిగినందుకు అది చెల్లించవలసిన మూల్యమే. సర్వీసు చేయించినప్పుడల్లా ఆ బూట్లు చూపించుకుంటాను.

35 అంగుళాలకు ఎందుకు పోలేదని అడుగుతారు. ఆ కొలతకు 4.10 గేర్లు ఇచ్చేది మొదటి 3.73 నడకే, బరువు లాగాలంటే 4.56 కావాలి. లోహం కోయాలి, స్టెప్నీ కింద పట్టదు. నా దారులకు అంత అవసరం లేదు. ఈ టైర్లు అరిగాక మళ్లీ 285/70 ఆర్17నే వేయిస్తాను, కాకపోతే తక్కువ లోడ్ రేంజ్ (టైరు మోయగల బరువు స్థాయి) ఉన్న తేలిక రకం.