పైఇన్‌స్టాలర్ హుక్స్: మూడేళ్లు వాడాక

మా అక్కావాళ్ల ఎరువుల షాపు బిల్లింగ్ ప్రోగ్రాంని మూడేళ్లుగా పైఇన్‌స్టాలర్‌తోనే (పైథాన్ ప్రోగ్రాంకి కావలసినవన్నీ కలిపి, పైథాన్ లేని కంప్యూటర్లోనూ నడిచేలా కట్టే టూల్) ఎక్స్ఈ చేసి ఇస్తున్నాను. ఆ కంప్యూటర్లో పైథాన్ లేదు, నెట్ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ తీసుకెళ్లి పెడితే నడవాలి, నడుస్తోంది. పేరున్న లైబ్రరీలకు హుక్స్, అంటే ఫలానా లైబ్రరీతో పాటు ఇంకా ఏమేం కలపాలో పైఇన్‌స్టాలర్‌కి చెప్పే చిన్న ఫైళ్లు, ముందే రాసి ఉంటాయి కాబట్టి చాలాకాలం నేను వాటి జోలికి పోనే లేదు.

పోయినేడు రిపోర్టులన్నీ విడదీసి, ఒక్కోదాన్నీ ఒక్కో ఫైలుగా 'రిపోర్ట్స్' అనే ప్యాకేజీలో పెట్టాను. ఏ రిపోర్టు కావాలో సెట్టింగ్స్ ఫైల్లో పేరు ఉంటుంది. ప్రోగ్రాం ఆ పేరు చదివి, ఆ మాడ్యూల్‌ని (అంటే ఆ కోడ్ ఫైలుని) నడిచేటప్పుడే ఇంపోర్ట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీతో లోడ్ చేసుకుంటుంది. కొత్త రిపోర్టు కావాలంటే కొత్త ఫైలు రాసి, దాని పేరు చేర్చితే చాలు. నా లాప్‌టాప్‌లో స్క్రిప్ట్‌గా చక్కగా నడిచింది. ఎక్స్ఈ కట్టి, బిల్లు ఒకటి కొట్టి చూసి ఇచ్చేశాను.

జూన్‌లో, షాపు కిటకిటలాడుతున్నప్పుడు బావగారు ఫోన్ చేశారు. "ఏరా, స్టాక్ రిపోర్టు నొక్కుతుంటే ఏమీ రావట్లేదు." నిజంగానే ఏమీ రావట్లేదు, ఎర్రర్ కూడా లేదు. కన్సోల్ (ఎర్రర్లు కనబడే నల్ల విండో) లేకుండా కట్టాను కదా, టీకే ఇంటర్ (విండోలు, బటన్లు చూపించే పైథాన్ లైబ్రరీ) రాసే ఎర్రర్ ఎక్కడా కనబడదు. కన్సోల్ పెట్టి మళ్లీ కడితే అప్పుడు బయటపడింది: మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్, అంటే ఆ రిపోర్టు ఫైలు ఎక్స్ఈలో చేరనేలేదు.

కారణం తెలిసిందే. పైఇన్‌స్టాలర్ మన కోడ్‌లో ఇంపోర్ట్ అని రాసి ఉన్నవాటినే వెతికి పట్టుకుంటుంది. నడిచేటప్పుడు స్ట్రింగ్‌గా వచ్చే పేరు దానికి కనబడదు. అందుకే హుక్-రిపోర్ట్స్ అని ఫైలు రాశాను. రెండే పనులు: హిడెన్‌ఇంపోర్ట్స్‌కి కలెక్ట్ సబ్‌మాడ్యూల్స్ (ప్యాకేజీలోని కోడ్ ఫైళ్లన్నీ కలపమని), డేటాస్‌కి కలెక్ట్ డేటా ఫైల్స్ (వాటి పక్కనున్న మిగతా ఫైళ్లూ కలపమని). స్పెక్ ఫైల్లో (ఎక్స్ఈ ఎలా కట్టాలో పైఇన్‌స్టాలర్‌కి చెప్పే ఫైలు) హుక్స్‌పాత్‌కి ఆ హుక్ ఉన్న ఫోల్డర్ ఇచ్చాను. మళ్లీ కట్టాను. మళ్లీ అదే ఎర్రర్.

రెండు రాత్రులు పాత్ తప్పేమో అని స్లాషులు మార్చి మార్చి చూశాను. అసలు విషయం వేరు. ఏ మాడ్యూల్ పేరుతో హుక్ రాశామో, ఆ మాడ్యూల్ విశ్లేషణలో తగిలితేనే పైఇన్‌స్టాలర్ ఆ హుక్‌ని చదువుతుంది. నా కోడ్‌లో 'రిపోర్ట్స్' అనే పేరు ఏ ఇంపోర్ట్ లైన్లోనూ లేదు. తలుపు తట్టేవాళ్లు లేక హుక్ అలాగే కూర్చుంది. మెయిన్ స్క్రిప్ట్ పైన 'ఇంపోర్ట్ రిపోర్ట్స్' అని ఒక్క లైను చేర్చాను. ఈసారి బిల్డ్ లాగ్‌లో నా హుక్ పేరు కనబడింది. రిపోర్టు వచ్చింది, దాని పక్కనుండే నమూనా ఎక్సెల్ ఫైలుతో సహా. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అప్పటినుంచి ఎన్ని రిపోర్టులు చేర్చినా హుక్‌ని ముట్టుకోలేదు.

వాడని హుక్ గురించి లాగ్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు రెండు రాత్రులు మిగిలేవి. ఆ అసంతృప్తి ఇంకా ఉంది. పైన రెడీమేడ్ హుక్స్ గురించి అన్నదానికి కూడా ఒక సవరణ: అందులో చాలా భాగం వేరే ప్యాకేజీగా వస్తుంది. లైబ్రరీ కొత్త వెర్షన్ వేసుకుని ఆ ప్యాకేజీని పాతదే ఉంచేస్తే కొన్నిసార్లు ఏదో ఒకటి తప్పిపోతుంది.

నాది ఒకే షాపు, ఒకే విండోస్ కంప్యూటర్, నెలకో మార్పు. అంతమటుకు హుక్స్ నాకు బాగా సరిపోయాయి. సింగిల్ ఫైల్ మోడ్ మాత్రం వాడను. తెరిచిన ప్రతిసారీ అన్నీ టెంప్ ఫోల్డర్లోకి విప్పుకోవాలి, ఆ పాత మెషీన్ అందుకే చాలాసేపు తీసుకుంటుంది. మీరు లైనక్స్‌లో కూర్చుని విండోస్ వాళ్లకు ఇవ్వాలనుకుంటే దీంతో నేరుగా కుదరదు, విండోస్‌లోనే కట్టాలి. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసే ముందు ఎక్స్ఈ తెరిచి ప్రతి రిపోర్టు బటన్ నొక్కి చూస్తున్నాను. పది నిమిషాల పని.