పదేళ్ళ చందా: అమెరికాలో కూర్చుని జపాన్ టీవీ చూడటం

2014లో మేము టోక్యో నుంచి న్యూజెర్సీకి మారినప్పుడు, కొత్త ఇంట్లో కేబుల్ పెట్టడానికి వచ్చిన అబ్బాయిని నేను మొదట అడిగింది తెలుగు ఛానళ్ళ గురించి కాదు, టీవీ జపాన్ వస్తుందా అని. అంతకు ముందు ఐదేళ్ళు టోక్యోలోని నిషి కసాయిలో ఉన్నాం. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. మన పప్పులు, మన పండుగలు, పిల్లలకు మన మాట అన్నీ అక్కడే దొరికేవి కాబట్టి ఉన్నంత కాలం ఊరి మీద బెంగ పెద్దగా కలగలేదు. అమెరికాకు వచ్చాక మాత్రం జపాన్ మీద బెంగ పట్టుకుంది. ఆ బెంగ తీర్చుకోవడానికి 2014 నుంచి 2024 మార్చి 31న ఆగిపోయేదాకా టీవీ జపాన్‌కూ, ఆ తరువాత దాని స్థానంలో వచ్చిన జేమీ అనే ఇంటర్నెట్ సేవకూ చందా కడుతూ వచ్చాను. ఇన్నేళ్ళు చూసినవాడిగా, నాతో పాటు చూసినవారి మాటలు విన్నవాడిగా ఇది రాస్తున్నాను.

తెలియనివారి కోసం కొంచెం వివరం చెప్పాలి. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేకు అనుబంధంగా న్యూయార్క్‌లో ఉన్న కంపెనీ 1991 నుంచి ఉత్తర అమెరికాలో నడిపిన చందా ఛానల్ టీవీ జపాన్. ఎన్‌హెచ్‌కే వార్తలు, ధారావాహికలు, సుమో, పిల్లల కార్యక్రమాలతో పాటు అక్కడి ప్రైవేటు ఛానళ్ళ కార్యక్రమాలు కూడా కొన్ని ఎంపిక చేసి వేసేవారు. ఎన్‌హెచ్‌కే వరల్డ్ జపాన్ పేరుతో ఇంగ్లీషులో ఉచితంగా వచ్చే ఛానల్ వేరే ఉంది. అది ఉండగా డబ్బు కట్టడం దేనికని నన్ను అడిగిన మిత్రులు చాలామంది. ఉచితంగా వచ్చేది జపాన్‌ను బయటివారికి పరిచయం చేసే ఛానల్. టీవీ జపాన్‌లో ఎవరూ ఎవరికీ దేన్నీ పరిచయం చేసేవారు కాదు. జపాన్ వాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటే మనం ఆ గదిలో ఓ మూల కూర్చుని వింటున్నట్టు ఉండేది. నాకు కావలసింది అదే. నెలకు సుమారు 25 డాలర్ల చొప్పున లెక్క వేసుకుంటే పదేళ్ళలో దాదాపు 3,000 డాలర్లు అయ్యాయి. ఒక్క ఛానల్‌కు ఇది ఎక్కువ ధరేనని చందాదారులు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు, నేనూ కాదనను. అయినా ఆ పదేళ్ళలో ఒక్క నెల కూడా మానలేదు. ఎందుకు మానలేదో చెప్పాలంటే ముందు అసాదోరా గురించి చెప్పాలి.

అసాదోరా అంటే ఉదయం వచ్చే ధారావాహిక. ఎన్‌హెచ్‌కే దీన్ని 1961లో మొదలుపెట్టింది. ఒక్కో భాగం 15 నిమిషాలు. సాధారణంగా ఒక కథ ఆరు నెలలు నడిచి ముగుస్తుంది. ఏప్రిల్‌లో మొదలయ్యేది టోక్యో కేంద్రం, అక్టోబరులో మొదలయ్యేది ఒసాకా కేంద్రం తీస్తాయి. 1983లో మొదలై ఏడాది పాటు నడిచిన ‘ఓషిన్’ 297 భాగాలకు సగటున 52.6 శాతం వీక్షణ వచ్చిందంటే ఆ దేశంలో ఈ పావుగంటకు ఉన్న పట్టు ఎంతటిదో ఊహించుకోవచ్చు. మన దైనిక ధారావాహికలు చూస్తూ పెరిగిన నాకు మొదట ఆశ్చర్యం కలిగించినది కథకు ముగింపు ఉంటుందన్న సంగతే. అమ్మాయి పుడుతుంది, పెరుగుతుంది, కష్టపడి ఒక పని నేర్చుకుంటుంది, యుద్ధం వస్తుంది, ఇల్లు కాలిపోతుంది, మళ్ళీ కట్టుకుంటుంది, ఆరు నెలలకు సెలవు తీసుకుంటుంది. సాగదీయడం ఉండదు. జపాన్‌లో ఉదయం 8 గంటలంటే వేసవిలో మాకు ముందు రోజు రాత్రి 7 గంటలు. నేను చారుకు తాలింపు వేసే వేళకు మా ఆవిడ టీవీ పెట్టేది, వడ్డన అయ్యేలోపు ఆ రోజు భాగం అయిపోయేది. ఒసాకా కథలు వచ్చే ఆరు నెలలూ ఆ ప్రాంతపు కన్సాయి యాస అర్థం కాక మొదట ఇబ్బంది పడ్డాం. అరిగాతో అని మాత్రమే నేర్చుకున్న నా చెవికి ఓకినీ అన్న మాట కూడా కృతజ్ఞతేనని తెలియడానికి కొన్ని వారాలు పట్టింది. పెళ్ళైన కొత్తలో మా అత్తగారి శ్రీకాకుళం యాస విన్నప్పుడు నాకు ఇలాగే అయింది. రెండూ వినగా వినగానే పట్టుబడ్డాయి. తరగతిలో నేర్చుకున్న జపనీస్ కంటే ఈ పావుగంటల్లో విన్నదే నా నోటికి ఎక్కువ పట్టింది.

ఈ ఛానల్ చూడటమంటే రెండు గడియారాలతో బతకడమే. శీతాకాలంలో 14 గంటలు, వేసవిలో 13 గంటల తేడా. ఏటా డిసెంబరు 31 రాత్రి జపాన్‌లో జరిగే కోహాకు పాటల కార్యక్రమం మాకు అదే రోజు ఉదయం 5 గంటలు దాటాక మొదలవుతుంది. పిల్లలు దుప్పట్లు కప్పుకుని సోఫాలో చేరేవారు. మా ఆవిడ ఉప్మా కలిపేలోపు ఎర్ర జట్టు, తెల్ల జట్టు పోటాపోటీగా పాడుకునేవి. చివరికి పాటలు ఆగి, మంచు కురుస్తున్న ఏదో గుడిలో పెద్ద గంట మోగేది. అప్పుడు మా గోడ గడియారంలో ఉదయం 10 కావస్తూ ఉండేది. ఎండ కిటికీలోంచి నేల మీద పడుతుండగా అర్ధరాత్రి గంటలు వినడం మా ఇంటి కొత్త సంవత్సరం. మా అబ్బాయి చిన్నప్పుడు అందరిళ్ళలోనూ ఇలాగే ఉంటుందనుకున్నాడు.

సుమో మరింత కష్టం. ఏడాదికి ఆరు టోర్నమెంట్లు, ఒక్కొక్కటి 15 రోజులు. పెద్ద తరగతి మల్లయుద్ధాలు జపాన్‌లో సాయంత్రం 4 నుంచి 6 వరకు జరుగుతాయి కాబట్టి ఇక్కడ తెల్లవారుజామున లేవాలి, లేదంటే పునఃప్రసారం వచ్చేదాకా ఫలితం చెవిన పడకుండా జాగ్రత్త పడాలి. ఆఖరి రోజుకు మాత్రం నేను తప్పకుండా లేచేవాణ్ణి. 2024 మార్చి 24న ఒసాకాలో తకెరుఫుజి బరిలోకి దిగినప్పుడు కూడా అలాగే లేచి కూర్చున్నాను. పెద్ద తరగతిలో అతనికి అదే మొదటి టోర్నమెంటు. ముందు రోజు చీలమండకు గాయమైంది. ఆ కాలితోనే గోనోయామాను గెలిచి కప్పు అందుకున్నాడు. తొలి టోర్నమెంటులోనే విజేత కావడం 110 ఏళ్ళ తరువాత అదే మొదటిసారి. గెలిచాక ప్రేక్షకుల చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ఇంకో వారంలో ఈ ఛానల్ ఉండదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది, అంత ఆనందంలోనూ గొంతు పట్టేసినట్టయింది.

నా చందా డబ్బులన్నీ ఒక్క రాత్రికి చెల్లిపోయాయనిపించిన సందర్భం అంతకు మూడు నెలల ముందు వచ్చింది. 2024 జనవరి 1న, మాకు రాత్రి 2 గంటలు దాటాక. కొత్త సంవత్సరం విందుకు వచ్చిన స్నేహితులు వెళ్ళిపోయారు, నేను గిన్నెలు కడుగుతున్నాను. పక్కగదిలో తక్కువ శబ్దంతో నడుస్తున్న టీవీలో గొంతు ఒక్కసారిగా మారింది. నోటో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. మామూలుగా మెత్తగా, ఒత్తిడి లేకుండా వార్తలు చదివే ఎన్‌హెచ్‌కే ప్రసారంలో ఒక మహిళ గట్టిగా, దాదాపు అరుస్తున్నట్టు, వెంటనే ఎత్తైన చోటికి పారిపొమ్మని పదే పదే ఆజ్ఞాపిస్తోంది. 2011 సునామీ తరువాత, ప్రశాంతంగా చెబితే జనం కదలరని గ్రహించి ఎన్‌హెచ్‌కే తన హెచ్చరికల తీరును మార్చుకుంది. దాని అర్థం ఆ రాత్రి నాకు తెలిసింది. తెర మూలన జపాన్ పటం, అందులో నోటో తీరం ఊదా రంగులో, పక్క తీరాలు ఎరుపులో, పసుపులో. పారిపొమ్మన్న మాటలు కష్టమైన కాంజీ లిపిలో కాకుండా, బడికి కొత్తగా వెళ్ళే పిల్లలు సైతం చదువుకోగల హిరగానా అక్షరాల్లో, తెరలో పెద్ద భాగం ఆక్రమిస్తూ కనిపించాయి. నోటోకు దగ్గరలోని కనజావాలో ఉన్న మా పాత సహోద్యోగికి ఫోను చేశాను. కుటుంబమంతా బయట మైదానంలో ఉన్నారని చెప్పాడు. సబ్బు నురుగు చేతుల మీద ఎండిపోయేదాకా అలాగే నిలబడి చూశాను.

ఇక లోపాల సంగతి. విదేశాల్లో జపాన్ టీవీ చూసేవారందరికీ తెలిసిన అడ్డంకి ఒకటి ఉంది. వార్తల మధ్యలో ఒలింపిక్స్ దృశ్యాలు రాగానే చిత్రం ఆగిపోయి, హక్కుల కారణంగా ఈ దృశ్యాలు చూపలేమన్న వాక్యం తెర మీదకు వస్తుంది. చదివే గొంతు మాత్రం వినబడుతూనే ఉంటుంది. జపనీస్ వాళ్ళు దీన్ని మూత పెట్టడం అంటారు. ఆ దృశ్యాల హక్కులను ఒక్కో దేశంలో ఒక్కో సంస్థకు అమ్ముతారు కాబట్టి ఇది ఛానల్ చేతిలో ఉన్న విషయం కాదు. అది తెలిసినా, 2021లో టోక్యోలో ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు, మేము ఐదేళ్ళు తిరిగిన వీధుల్లో జరుగుతున్న ఆటలను మూత వెనక నుంచి వినవలసి రావడం బాధగానే ఉండేది.

ఛానల్ మూసేస్తున్నారన్న వార్త వచ్చాక నేను విన్న మాటల్లో డబ్బు గురించినవి తక్కువ. యువకులు, ఉద్యోగాల మీద వచ్చిన కొత్త కుటుంబాలు ఇంటర్నెట్ సేవ రావడం మంచిదేనన్నారు, కేబుల్ కనెక్షన్ ఖర్చు తప్పుతుందని సంతోషించారు. బాధపడింది వృద్ధులు. మా వీధి చివర ఉండే ఒబాచాన్‌కు (జపనీస్‌లో బామ్మ అని) 80 దాటాయి. ఈ దేశానికి వచ్చి యాభై ఏళ్ళయింది, ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆవిడ దృష్టిలో టీవీ జపాన్ అంటే రిమోట్‌లో నొక్కే మూడు అంకెలు. ఆ అంకెలు నొక్కితే జపాన్ వస్తుంది. ఏప్రిల్ 1 తరువాత కూడా కొన్ని రోజులు అవే అంకెలు నొక్కి చూశానని నాతో చెప్పారు. గాయని కసాగి షిజుకో జీవితం ఆధారంగా తీసిన అసాదోరా మార్చి 29న ముగిసింది, కొత్తది ఏప్రిల్ 1న మొదలైంది. కాబట్టి ఆ కథ మధ్యలో తెగలేదన్నది ఆవిడకు ఊరట. కానీ గెంజి కథ అనే ప్రాచీన నవల రాసిన మురాసాకి షికిబు జీవితం మీద ఆ ఏడాది జనవరిలో మొదలైన ఆదివారపు చారిత్రక ధారావాహిక మూడు నెలలకే చేజారిందని దిగులు పడ్డారు.

నాకు జరిగిన నష్టం వేరు. కేబుల్ కంపెనీ పెట్టెలో ఏళ్ళ తరబడి రికార్డు చేసి దాచుకున్న కార్యక్రమాలు, పెట్టె తిరిగి ఇచ్చేయడంతో పోయాయి. ఛానల్ ఆగిపోయిన తరువాతి నెలకు కూడా బిల్లు వేశారు, దాన్ని తీయించడానికి మూడుసార్లు ఫోను చేయవలసి వచ్చింది. డబ్బు తిరిగి వచ్చింది, రికార్డింగులు రాలేదు. వాటిలో మా పిల్లలు చిన్నప్పుడు పక్కన నిలబడి తెరతో పాటు ఆడిన పాటలు ఉన్నాయి.

జేమీని నేను ఇప్పటికీ వాడుతున్నాను. ధర దాదాపు అదే, కేబుల్ మీద పెట్టే ఖర్చు మిగులుతుంది. అసాదోరాను ఆపి, వెనక్కి తిప్పి, తెలియని మాటను నిఘంటువులో చూసుకుని మళ్ళీ ముందుకు వెళ్ళవచ్చు. భాష నేర్చుకునేవారికి ఇది పెద్ద వరం, పాత ఛానల్‌లో నాకు దొరకనిది. మిబుచి యోషికో అనే తొలి తరం మహిళా న్యాయవాది జీవితం ఆధారంగా వచ్చిన కథలో కోర్టు మాటలన్నీ ఇలా ఆపి చూసే అర్థం చేసుకున్నాను. ప్రత్యక్ష ప్రసారం కూడా ఇందులో ఉంది. అయితే తెర తెరవగానే ముందు కనిపించేవి బొమ్మల వరుసలు. ఏది చూడాలో మనం తేల్చుకోవాలి. తేల్చుకోనక్కరలేకుండా, ఆ క్షణంలో జపాన్‌లో అందరూ ఏది చూస్తున్నారో అదే మన ఇంట్లోకి రావడం పాత ఛానల్ ఇచ్చిన భాగ్యం. గిన్నెలు కడుగుతూ ఎవరూ బొమ్మల వరుసల్లో వెతకరు. నోటో భూకంపం లాంటిది మళ్ళీ వస్తే నాకు ముందుగా ఫోనులోనే తెలుస్తుంది. ఆ గొంతు మారడం మాత్రం వినబడదు.

జపనీస్ కొంతైనా రానివారు దీనికి చందా కట్టవద్దని నా సలహా. జపనీస్ భాషా పరీక్షలో మధ్య మెట్టయిన ఎన్3 స్థాయి దాటినవారికి, అక్కడ కొన్నేళ్ళు బతికినవారికి ఆ డబ్బు వృథా కాదు. పెద్దవాళ్ళ ఇంట్లో పెట్టించేవారు మాత్రం పెట్టి వెళ్ళిపోకుండా ఒక పూట కూర్చుని నేర్పాలి. ఒబాచాన్‌కు నేర్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఆవిడ చిన్న నోటుపుస్తకంలో పెన్సిలుతో రిమోట్ బొమ్మ గీసుకుని, ఏ మీట తరువాత ఏ మీట నొక్కాలో ఆరు వరుసలు రాసుకున్నారు. మూడో ఆదివారం సాయంత్రం ఆ ఆరు వరుసలూ తానే చదువుకుంటూ నొక్కి నోదో జిమాన్ పెట్టారు. 1946లో రేడియోలో మొదలై, వారానికో ఊళ్ళో మామూలు జనం పాడే పోటీ అది. మన పాటల పోటీల్లోలా న్యాయనిర్ణేతలు మాట్లాడరు, గంటే తీర్పు చెబుతుంది. ఒక్కసారి మోగితే చాలించమని, రెండుసార్లు మోగితే ఇంకాస్త బాగుండాల్సిందని, గంటల వరుసంతా మోగితే నెగ్గినట్టు. తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన చాలా పాత పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం రాకముందే రెండు గంటలు మోగాయి. ఒబాచాన్ చప్పట్లు కొట్టి, నోటుపుస్తకం తీసి, ఏడో వరుసగా ఆదివారం అని రాసుకున్నారు.