ఎలైజానా, పీఆర్‌ఎన్‌టీనా?

మెదడువాపు (జపనీస్ ఎన్‌సెఫలైటిస్, జేఈ) టీకా పనిచేసిందో లేదో ఏ రక్తపరీక్షతో చూడాలని నెల్లూరు, ఒంగోలు మైక్రోబయాలజీ స్టూడెంట్లు తెగ అడుగుతుంటారు.

ఖర్చు, శ్రమ: ఎలైజా (రక్తం నుంచి తీసిన సీరంలో యాంటీబాడీలు ఉంటే రంగు తేలే పరీక్ష) చవక, 96 గుంటల ప్లేటు, పూటలో ఫలితం. పీఆర్‌ఎన్‌టీకి (సీరం కలిపితే వైరస్ చేసే ప్లాక్‌లు ఎంత తగ్గాయో లెక్కపెట్టే పరీక్ష) బతికున్న వైరస్, దాన్ని పెంచే వీరో కణాలు (కోతి కిడ్నీ కణాలు), చెయ్యి తిరిగిన మనిషి కావాలి, పైగా ప్లాక్‌లు (వైరస్ వల్ల కణాలు చచ్చిన చోట ఏర్పడే మచ్చలు) లేచేదాకా రోజుల తరబడి ఎదురుచూపు. మధ్యలో కరెంటు పోయి ఇన్‌క్యుబేటర్ ఆగిందా, అంతే సంగతులు.

రిస్క్: అసలు చిక్కంతా ఇక్కడే. కావలి వైపు ఎప్పుడో డెంగీ వచ్చిపోయినవాళ్ల సీరం ఎలైజాలో పెడితే, ఆ డెంగీ యాంటీబాడీలే (రెండూ చుట్టాల్లాంటి వైరస్‌లు కదా) అంటుకుని టీకా పనిచేసినట్టు రంగు రావచ్చు. పీఆర్‌ఎన్‌టీ మాత్రం సీరం వైరస్‌ను నిజంగా ఆపుతోందా అని చూస్తుంది (అక్కడా కాస్త కలగాపులగం ఉంటుందనుకోండి). సీరాన్ని 1:10 పలచన చేసినా ప్లాక్‌లు సగానికి తగ్గితే రక్షణ ఉన్నట్టు లెక్క.

వందల శాంపిళ్లు జల్లెడ పట్టాలంటే ఎలైజా చాలు. టీకా సత్తా తేల్చాలంటే, తక్కువ శాంపిళ్లైనా సరే, సీరం వేరుచేసి ఐస్ పెట్టెలో పీఆర్‌ఎన్‌టీ చేసే ల్యాబుకు పంపండి.