గోస్తనీ వెంట, బొర్రా నుంచి భీమిలి దాకా

వైజాగ్ వచ్చినవాళ్ళు సముద్రం చూసి వెళ్ళిపోతారు. ఊళ్ళో ఉండే మాదీ అదే వరస. మన కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో గోస్తనీ వాటా ఉందని విన్నాం గానీ నదిని చూసింది తక్కువ. అందుకే ఈసారి కొండ నుంచి కడలి దాకా దాని వెంటే తిరిగాం.

పొద్దున్నే కిరండూల్ రైలెక్కి బొర్రా గుహల స్టేషన్‌లో దిగాం. అద్దాల బోగీ కావాలంటే టికెట్లు చాలా ముందు తీసుకోవాలి. మామూలు బోగీలో కిటికీ పక్క సీటు దొరికినా లోయలు బాగానే కనిపిస్తాయి. గుహల్లో అందరూ రాళ్ళ ఆకారాలు చూస్తారు. సున్నపురాయిని కరిగించి గుహని తొలిచింది, ఆ కరిగిన సున్నాన్ని చుక్కచుక్కగా పేర్చి ఆ ఆకారాలు చేసింది నీళ్ళేనని పిల్లలకి అక్కడే చూపించి చెప్పండి. రాత్రి బసకి అరకు కంటే అనంతగిరి నయం. చుట్టూ కాఫీ తోటలు, రద్దీ తక్కువ. మర్నాడు గోస్తనీ మీద కట్టిన తాటిపూడి జలాశయం చూశాం. అటు వెళ్ళేటప్పుడు టిఫిన్ కట్టించుకెళ్ళడం మంచిది.

నన్ను కదలనివ్వనిది మాత్రం చిట్టివలస. ఏటి ఒడ్డున మూతపడిన జూట్ మిల్లు ఉంది. ఈ ప్రాంతపు గోగునార ఒకప్పుడు విదేశాల్లో 'బిమ్లీ జ్యూట్' పేరుతో అమ్ముడయ్యేది. భీమిలి రేవు నుంచి ఓడల్లో వెళ్ళేది. 1933లో విశాఖ హార్బర్ మొదలయ్యాక ఆ రేవు కళ తగ్గింది. ఎన్నో కుటుంబాలకి అన్నం పెట్టిన ఈ ఏటి గురించి ఒడ్డున ఒక్క బోర్డు కూడా నాకు కనిపించలేదు. చాలా బాధేసింది.

ఇక్కడి నుంచి భీమిలి దాకా ఒడ్డున ఒక పార్కు ఉంటే ఎంత బాగుంటుందో! సిమెంటు గోడలు వద్దు, తుఫాను వరద వస్తే నీళ్ళు పరుచుకోవడానికి చోటుండాలి. నీడకి కానుగ, రావి చెట్లు, నడవడానికి మట్టిబాట. మిల్లులో పనిచేసిన పెద్దవాళ్ళు చెప్పే సంగతులు రాసిన పలకలు. బాట చివర డచ్చివాళ్ళ సమాధులు, 1861లోనే మున్సిపాలిటీ అయిన భీమిలి పాత వీధులు.

భీమిలిలో మేం దిగిన లాడ్జి ఫోటోల్లో సముద్రం ఉంది, మాకిచ్చిన గది కిటికీకి ఎదురుగా గోడ ఉంది. ముందు గది చూసి డబ్బు కట్టండి. లేదంటే సిటీలోనే ఉండి బీచ్ రోడ్డు బస్సులో పొద్దున్నే రండి, ఖర్చూ తక్కువే. ఏరు సముద్రంలో కలిసేచోట ఎండెక్కకముందే జాలర్ల పని చూడొచ్చు. పార్కు వచ్చినా వాళ్ళు పడవలు లాక్కోవడానికి, వలలు ఆరబెట్టుకోవడానికి స్థలం విడిగా ఉంచాలి. టికెట్ గేటు మాత్రం వాళ్ళ దారికి అడ్డంగా పెట్టకూడదు.